ఎన్ని లీటర్ల తీరిక

కొబ్బరి పొట్టు ఇటుకై వచ్చింది,
రెండు అరచేతుల్లో ఇమిడేంత.
స్నానాల తొట్టిలో వేసి వేణ్ణీళ్ళు పోస్తే
ఒళ్ళు విరుచుకుని లేచి కూర్చుంది.
రీగాలో, ఐదో అంతస్తులో,
కొబ్బరిచెట్టును ఎన్నడూ చూడని నేను
ఎవరి సముద్రమో దానిలో వదిలేసిన ఉప్పును
మూడుసార్లు కడిగాను, పిండాను.
నాలుగోసారి ఒక పీచు నాలుక మీద వేసుకున్నాను.
ఉప్పు లేదు. తడిసిన తాడు వాసన.

ఇక కుండీలు.

పై వాటా జెంటా ఇరవై లీటర్ల బకెట్లు మోసుకొచ్చింది.
"ఇల్లు పెద్దదైతే మొక్కా పెద్దదవుతుంది" అంటుంది.
మట్టిలో ఆ మాట చెల్లుతుందేమో.
దీని దగ్గర దాచుకున్న తిండంటూ లేదు,
పోసిందే పెడుతుంది,
పొద్దున పోసినదానికి
సాయంత్రానికల్లా లెక్క ఒప్పజెబుతుంది.
నాలుగాకుల నారును బకెట్లో పెడితే
ఖాళీ ట్రాములో ఒక్క ప్రయాణికుడు:
ఏ సీటో తేల్చుకోలేక
దిగేదాకా నిలబడే ఉంటాడు.
నాకు తెలుసు. తొలి ట్రాము నాదే.

పోయినేడు నేను అటు తప్పాను.
మూడు లీటర్లవి కొన్నాను, చవక, ముద్దుగానూ ఉన్నాయి.
జూన్ దాకా బాగానే నడిచింది.
జూలైలో
రాత్రి పదింటికీ కిటికీలో వెలుతురు,
వేళ్ళకు నిద్ర లేదు, గోడ చుట్టూ తిరిగి తిరిగి
ముడిపడిపోయాయి.
మధ్యాహ్నం నేను ఊరి ఆ చివర గంట కొడుతుంటే
ఇక్కడ టమాటా ఆకులు
తడి చేతితొడుగుల్లా వేలాడాయి.
నీళ్ళు పోస్తే రాత్రికి తేరుకున్నాయి.
కాయలు మాత్రం మరిచిపోలేదు:
ఒక్కోదానికీ అడుగున
నల్లటి రూపాయంత మచ్చ.

అంగడిలో రైతిస్ అడిగాడు,
"మొక్క ఎంత ఎత్తు పెరుగుతుంది?"
నేను సంచిలోంచి డ్యూటీ కాగితం తీసి
బల్ల మీద పరిచాను.
నాలుగున్నరకు గడప దాటితే
మళ్ళీ తాళం తీసేది మూడింటికి.
పదిన్నర గంటలు.
"ఇంతసేపు దాహం ఆపుకునే కుండీ ఇవ్వు."
వాడు నవ్వలేదు. పెన్సిల్ చెవి మీంచి తీసి
చాలాసేపు గీసి గీసి
పదకొండు లీటర్లన్నాడు. గుడ్డవి, నాలుగు.
సోమవారం రెండు డ్యూటీల సంగతి
అతనికి చెప్పలేదు.
సోమవారం తాళంచెవి జెంటా దగ్గరుంటుంది.
ఆమె కుండీల వంక చూసి, "ఇరుకు" అని,
నీళ్ళు మాత్రం వేళకు పోస్తుంది.

మిగిలిన మూడు లీటర్ల కుండీ ఒకటి
పారెయ్యబుద్ధి కాలేదు.
సోవా నారు పెట్టి
డిపోలో, సంతకాల పుస్తకం పక్కన, కిటికీలో ఉంచాను.
కలిపిన ఎరువునీళ్ళ సీసా కూడా పెట్టి
"రోజుకు మూడుసార్లు, ఒక కప్పు" అని రాశాను.
పద్నాలుగుమంది డ్రైవర్లం.
ఒకరు పోసింది ఇంకొకరికి తెలియదు.
సీసా బుధవారానికే అయిపోయింది.
కింద పళ్ళెం ఎప్పుడు చూసినా నిండే ఉంటుంది,
గున్వాల్దిస్ దాన్ని తిట్టుకుంటూ పారబోస్తాడు.

మట్టయితే ఈపాటికి కుళ్ళేది.
ఈ పొట్టు అన్ని కప్పులనూ దిగవిడుస్తూ
నడుమ నడుమ ఊపిరి పీలుస్తోంది.

నిన్న ఎవరో నాలుగు రెమ్మలు తుంచుకున్నారు.
డ్రైవర్ల గదిలో ఉడికిన బంగాళాదుంపల మీద
కనబడింది నాకు.
అడగలేదు, ఎవరని.