పట్టీ కింది ఊరు

తిరుపతి, తిలక్ రోడ్డు, మూడో అంతస్తు.
కిటికీలకు నల్లకాగితం అంటించిన గది.
బయట వాన పడుతోందో లేదో
మాకు గొడుగులే చెప్పాలి,
మెట్లెక్కి వచ్చినవాళ్ళ గొడుగులు.

గోడ నిండా పచ్చగుడ్డ.
దాని ముందు నిలబడి హైమావతి
ఏమీ లేనిచోట వేలు పెట్టి
"ఇక్కడ అల్పపీడనం" అంటుంది.
ఆ ఇక్కడను నేను నింపాలి.
నా వేళ్ళకింద మీటలున్నాయి:
సముద్రానికొకటి, జిల్లా గీతలకొకటి,
మబ్బుకొకటి, ఎప్పుడూ ఇరుక్కుపోయే మెరుపు మీట ఒకటి.
పొర మీద పొర పరుస్తూ పోతే
దోసె మీద ఎర్రకారం పూసినట్టు
బంగాళాఖాతం మండుతుంది.

మొదట్లో ఆమెకు కుడి ఎడమలు కుదిరేవి కావు.
పక్కనున్న టీవీలో తనను తాను చూసుకుంటూ
మదనపల్లె అని చెప్పి నెల్లూరును తడిపేది.
ఒకరోజు తెలీక ఆకుపచ్చ రవికతో వచ్చింది.
ఆ సాయంత్రం తెర మీద
తలా చేతులూ ఉన్నాయిగానీ
మధ్యలో మనిషి లేదు.
మెడకింద తుపాను మెల్లగా తిరుగుతోంది.
అందరం నవ్వాం, ఆమె కూడా.
ఆ ముక్క ఇంకా ఆమె ఫోన్లో ఉంది.
ఎవరికీ చూపించదు.

కార్తీకంలో ఒక రాత్రి.
పావుగంటకో లైవు.
ఉపగ్రహం పంపిన మబ్బు అరగంట పాతది,
పైన తాజాగా మా గడియారం.
ఫోను మోగింది. ఎత్తాను.

"అమ్మా, నేను దొరస్వామి.
పాలసముద్రం పక్కన బెల్లం గానుగ మాది.
పెనంలో పాకం ఉండాది,
పిప్పి తడిస్తే పొయ్యి మండదు.
మీ బొమ్మలో పుత్తూరు దాకా అగపడతాది.
ఆ కిందంతా నగలంగడోళ్ళ పట్టీ పోతా ఉంది.
ఆ పట్టీ కింద వానొస్తా ఉందా, రాలేదా?"

చూశాను. నిజమే.
ఆరేళ్ళ కిందట నేను అమర్చిన పటమే.
నగరి, నిండ్ర, విజయపురం, పాలసముద్రం,
అటు కుప్పం దాకా
ఆరేళ్ళుగా ఆ ఊళ్ళ మీదుగా
తరుగు లేదు, మజూరీ లేదు,
తరుగు లేదు, మజూరీ లేదు.

పట్టీ తీద్దామా అన్నాను.
మేనేజరు సదాశివం తలెత్తలేదు:
"తియ్ తల్లీ, జీతాలు కూడా తీసేద్దాం."

పటాన్ని పైకి జరిపాను.
పాలసముద్రం లేచింది, ముదురెరుపుగా.
అటు చివర ఇచ్ఛాపురం
మా లోగో వెనక్కి పోయింది.
అక్కడ ఎవరి పెనం పొయ్యి మీదుందో
నేను చూసుకోలేదు, అబద్ధమెందుకు.

హైమావతి చెవిలో ఊరి పేరు చెప్పాను.
పచ్చగుడ్డ మీద ఆమె వేలు
ముందు సముద్రం వైపు పోయింది,
ఆగింది, వెనక్కొచ్చింది,
సరిగ్గా అక్కడ దిగింది.
"పాలసముద్రం మండలంలో భారీ వర్షం."

ఫోను నా భుజానికీ చెవికీ మధ్యనే ఉంది.
"అగపడిందమ్మా" అన్నాడు.
అతని వెనక రేకుల మీద దబదబ.
"అయ్యో, అప్పుడే మొదలైందా?"
"సందేళ నించీ ఇదే వాన.
మాకు రేకులు చెప్తాయిలే.
మీకు తెలుసో లేదో అని చేసినా."

పొయ్యి ఆరుతోందని ఎవరో అరిచారక్కడ.
అతను ఫోను ఎక్కడో పెట్టి పరిగెత్తాడు,
కట్ చెయ్యకుండానే.

తొమ్మిదింబావుకు సదాశివం వచ్చి
పటాన్ని మళ్ళీ కిందికి లాగాడు.
తరుగు లేదు, మజూరీ లేదు.

"గరగర ఎక్కడ్నించి వస్తోంది?
ఎవరి మైకది?" అన్నాడు సౌండు కుర్రాడు.

నేను ఫోనును అరచేత్తో మూశానేగానీ
పెట్టెయ్యలేదు.