వాలు గోడ

గోడ ముందుకి వాలాలంది ఆమె.
నేను విన్నది తప్పనుకున్నాను.
వర్గీస్ మళ్ళీ హిందీలో చెప్పాడు:
అడుగుకి అర అంగుళం, వీధి వైపుకి.

పదకొండో ఏట మా మావయ్య
తూకపు గుండు చేతిలో పెట్టి
ఒకటే మాట చెప్పాడు.
మనిషి మాట తేడా రావచ్చురా, దారం తేడా రాదు.
ముప్పయ్యేళ్ళు ఆ దారం పక్కనే నిలబడి
ఇవాళ రస్ అల్ ఖైమాలో,
మొన్నమొన్నటిదాకా సముద్రమైన చోట,
కావాలని వంకర గోడ కట్టడానికి
రోజుకి అరవై దిర్హాములు.

ఆమె పేరు మారైకె. ఫొటోలు తెచ్చింది.
హాలండులో హోర్న్ అనే పాత ఊరట.
పేరు లారీ హారన్‌లా ఉంది,
ఊరు మాత్రం దగ్గడానిక్కూడా మొహమాటపడేలా ఉంది.
వంపు తిరిగిన కాలవ. గట్టున ఇళ్ళు,
బస్సులో ముగ్గురి సీట్లో ఐదుగురు సర్దుకున్నట్టు.
వీధి వైపు వెడల్పుని బట్టి పన్నంట ఆ రోజుల్లో.
అందుకని ఇల్లు వీధికి మొహం చిన్నది చేసుకుని
వెనక్కి, పైకి పెరిగిందట.

మాకు నవ్వొచ్చింది.
క్యాంపులో మనిషికి రెండున్నర అడుగుల వెడల్పు.
మేమూ పైకే పెరిగాం,
ఒకడి మీద ఒకడు, మూడు మంచాలు.

మెట్లు మెట్లుగా పైకెళ్ళి మొనదేలిన గోడ,
మొనలోంచి దూలం, దూలానికి కొక్కెం.
లోపలి మెట్లు ఇరుకు.
బీరువాలు, మిరియాల బస్తాలు, పెళ్ళి మంచాలు
అన్నీ బయట నుంచే, తాడు కట్టి లాగేవాళ్ళంట.
గోడకి రాసుకోకుండా ఉండటానికే ఆ వాలు.

అది వంకర కాదన్నమాట.
బరువుకి వదిలిన దారి.

నీది ఏ ఊరంది. నర్సాపురం అన్నాను.
గోదారి ఒడ్డున మాకు వలందర రేవుంది,
అది మీవాళ్ళ పేరే అన్నాను.
మీవాళ్ళు మా దగ్గర పడవలు కట్టించుకున్నారంట,
కూలి సరిగా ఇచ్చారో లేదో ఎవరూ రాసుకోలేదు అన్నాను.
ఈ మాట వర్గీస్ నోట్లోంచి ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి
ఏమైందో గానీ
వెరీ నైస్ అంది.

ఇక్కడి ఇటుక ఇటుక కాదు,
సిమెంటు గోడకి అతికించిన బొటనవేలు మందం బిళ్ళ.
కాలవ నీళ్ళు ఉప్పు తీసినవి.
పోటు లేదు, పాటు లేదు,
పంపు ఆపితే కాలవ నిద్రపోతుంది.
అక్కడ సముద్రాన్ని అవతలికి నెట్టి ఊరు కట్టుకున్నారు,
ఇక్కడ సముద్రం మీద ఇసక పోసి.
రెండు చోట్లా
సముద్రాన్ని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు.

కొక్కెం వెల్డింగు చేసింది కొల్లాటి పైడయ్య.
నల్లరంగు ఆరగానే వర్గీస్ కాగితం అంటించాడు:
అలంకారం కోసం మాత్రమే. బరువు వేలాడదీయరాదు.
పైడయ్య ఆ పూట అన్నం సరిగా తినలేదు.
"నేనేసిన అతుకు మూడు క్వింటాళ్ళు ఆపుద్ది.
ఆళ్ళకేం తెలుసు."

అప్పగింత ముందు రాత్రి
ఇద్దరం పరంజా ఎక్కాం.
ఎత్తడానికి మా దగ్గర సామానేమీ లేదు.
మావయ్య గుండు తీసి
దారం కొక్కేనికి ముడేసి వదిలాను.
నలభై అడుగులు.
ఊగింది, ఊగింది,
కింద ఆగేసరికి
గోడకీ దారానికీ మధ్య మనిషి పట్టేంత సందు.

పైడయ్య దిగి ఆ సందులో దూరాడు.
వీపు గోడకి ఆనించి,
దారాన్ని ముట్టకుండా,
సిగరెట్టు వెలిగించాడు.
గాలి లేదు. పొగ
దారం పక్కనే నిటారుగా పోయింది.
చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

పొద్దున కొక్కేనికి మిగిలిన దారప్పోగు చూసి
ఏంటిదని అడిగాడు వర్గీస్.
లోడు టెస్టింగు సార్, అన్నాడు పైడయ్య.