ఆరు వారాలు, ఒక రోజు

కోర్టు మొదటి కాగితం ఇచ్చి
నిన్నటికి ఆరు వారాలు.
పొద్దున్నించీ కంప్యూటర్లో
ఒక మీట నాకోసం వెలుగుతోంది.
నొక్కితే చాలు,
ముప్ఫై ఒక్క ఏళ్ళూ సరి.

తెగేదాకా లాగొద్దంటారు.
తెగిపోయినదాన్ని ఇంకొన్నాళ్ళు పట్టుకోమంటోంది
లాయరు మిస్ ఒసేయి.
"రైల్వే పెన్షన్లో నీ వాటా తేలలేదు,
ఇల్లు తేలలేదు.
ఈలోగా ఆయనకేమైనా అయితే
నువ్వు వితంతువ్వి కూడా కావు,
వట్టి మాజీవి" అంది
బిస్కెట్టు టీలో ముంచుతూ.
బిస్కెట్టు విరిగి కప్పులో పడింది.
ఇద్దరం దాన్నే చూశాం.

నెవిల్ ఈ అరవై మూడో ఏట
రొయ్యలకని ట్రాక్టరేసుకుని ఇసుకల్లోకి పోతాడు,
లినెట్ చూడాలని.
మా ఆర్న్‌సైడ్ సముద్రం చెప్పి వెళ్తుంది గానీ
చెప్పి రాదు.
అందుకే ఊళ్ళో సైరన్.
అందుకే నా ఫ్రిజ్ మీద ఆటుపోట్ల పట్టిక,
అతని కోసం అంటించింది, ఇంకా పీకలేదు.
రోజూ చూస్తాను, ఎన్నింటికి పోటు అని.
ప్రేమే అనుకుందామంటే
అడుగున పెన్షన్ అంకె కనిపిస్తుంది.
డబ్బే అనుకుందామంటే
కెటిల్ ఈల వేస్తున్నా కిటికీ వదల్లేను.

నిన్న ఫోన్ చేశాడు.
"నొక్కావా?"
జూన్‌కి హాలు మాట్లాడుకున్నాడట, అడ్వాన్సు ఇచ్చాడట,
అదీ మా ఉమ్మడి ఖాతాలోంచే.
"నీ లెక్కలు పంపు, నొక్కుతా.
సిల్వర్‌డేల్ కారవాన్ రాశావా అందులో?"
"ఏ కారవాన్?"
"నేను కర్టెన్లు కుట్టిన కారవాన్."
కాసేపు గాలి చప్పుడు.
ఇంకో మూడు నెలలు ఆగితే
అతనే కోర్టుని అడగొచ్చట.
ఆ సంగతి అతనికి తెలుసో లేదో
నేనడగలేదు.

పెళ్ళైన కొత్తలో
నన్ను చెయ్యి పట్టుకుని అఖాతం దాటించినవాడు అతనే.
"గట్టిగా ఉందని అడుగెయ్యకు ఎడీ,
నీళ్ళెక్కడున్నాయో తెలిశాక వెయ్యి" అనేవాడు.
అదే చేస్తున్నా నెవిల్.
నీ దగ్గర నేర్చుకున్నది
అదొక్కటే మిగిలింది.

సైరన్ మోగింది.
దూరాన బురద మీద ఒక దీపం
ఆగి,
ఆలోచించుకున్నట్టు ఆగి,
ఒడ్డు వైపు తిరిగింది.

సరే.
కంప్యూటర్ మూత వేశాను.
బిస్కెట్ల డబ్బాలో రసీదులున్నాయి,
తొంభై ఎనిమిదివి, కారవాన్ కొన్ననాటివి.
అద్దాలెక్కడ పెట్టానో.