ఎనభై ఏడు

టేబుల్ నంబర్ తొమ్మిది,
జాలీ అవతల నిలబడి విన్న:
కుట్టుమిషన్ గుర్తు, ఎనభై ఏడు.
పక్కన సున్నా ఏమన్న మర్చిపోయిన్రా అని
రెండుసార్లు అడిగిన.
ఆఫీసర్ సారు తన నీళ్ల సీసా నా దిక్కు జరిపిండు.

ఇంటికొచ్చి చాక్‌పీసు పట్టుకున్న.
బ్లౌజులు కత్తిరించే బల్ల మీద
కొలతలు రాసుకున్నట్టే ఓట్లు రాసుకున్న.
మా ఇంట్ల మూడు.
రెండేనేమో, మా ఆయన మొహం చూస్తే అనుమానం.
మరదలు వాళ్ళయి నాలుగు.
పీకో కుట్టే పిల్లలు, వాళ్ళ అమ్మలు.
మోరీ కోసం నాతోని పదకొండు సార్లు
సర్కిల్ ఆఫీసు మెట్లెక్కిన మొగులమ్మ.
ఖైరున్నీసా బీ ఇంట్ల ఆరు,
"డాల్ దియే బేటా" అని గాజుల చెయ్యి ఊపింది, చాలు.
ఇట్ల ఎంత గుంజి కూడినా యాభై ఎనిమిది.
మిగతా ఇరవై తొమ్మిది ఎవరియి?

నిద్ర పట్టలే. ఓడినందుకు కాదు,
అది నామినేషన్ నాడే ఎరుక.
వాళ్ళకు పదిహేను కార్లు, నాకు మా తమ్ముని ఆటో,
ఆటోల మైకు, మైకుకు పాత బ్యాటరీ.
పార్శీగుట్ట ఎక్కంగనే
నా గొంతు సాగి సాగి మొగగొంతయ్యేది,
పోరగాండ్లు ఎనకాల ఉరుక్కుంట నవ్వేది.

తెల్లారి పాలకు పోయిన.
చిల్లరకు బదులు చాక్లెట్ చేతుల పెట్టే దశరథ్ సేట్
రూపాయితో సహా లెక్కబెట్టి ఇచ్చిండు.
ఇది ఓటా?
ఓటెయ్యనందుకు సిగ్గా?
నల్లా కాడ ఎవరో బిందె పక్కకు జరిపి
ముందుగల్ల నువ్వు పట్టుకో అన్నది.
బాల్కనీలకెళ్ళి ఎన్నడూ కిందికి చూడని బ్యాంకు సారు
తలకాయ ఊపిండు, నాకో, నా ఎనకాల కుక్కకో.
అప్పిచ్చినోళ్ళ పేర్లు నోటుబుక్కుల ఉంటయి.
పేరు చెప్పకుండ చేబదులిచ్చి పోయినోళ్ళకు
ఎట్ల తిరిగియ్యాలె?

పాంప్లెట్లు పదహారు కట్టలు మిగిలినయి.
మందం కాగితం, పారెయ్యబుద్ధి గాలే.
నమూనాలకు వాడుతున్న.
నా మొహం మీదికెళ్ళి చంక కోత పోతది,
"మీ ఆడబిడ్డ" అన్న కాడ మెడ తిరుగుతది.
ముప్పై ఆరు సైజు చేతికి
దండం పెట్టిన నా చేతులు సరిగ్గ సరిపోతయి.
గెలిచినాయన భార్య ప్రమాణం నాటికని
మగ్గం బ్లౌజు తెచ్చింది, అర్జెంటు.
కుట్టిన.
కొలత తప్పలే, పైసలు తగ్గియ్యలే.

ఒక్క కాగితం మాత్రం
కండ్ల ముందలికెళ్ళి పోతలేదు.
ఎనభై ఎనిమిదోది.
సారు లైటు కింద ఎత్తి పట్టిండు:
ముద్ర సగం నా మిషన్ల,
సగం కింది గుర్తుల,
నడుమ గీత మీద కూసున్నది.
ఏజెంట్లు ఎగబడ్డరు, స్కేలు తెచ్చిన్రు.
నేను కొలతల మనిషిని,
జాలీ అవతల్నించే చెప్పిన,
నూలుపోగంత నా దిక్కే ఎక్కువున్నదని.
చెల్లదు అని వేరే డబ్బల ఏసిన్రు.

ఎవరి చెయ్యో అది.
వణికిందా?
అట్ట చాటున నిలబడి
ఇద్దర్ల ఎవరినీ నారాజు చెయ్యొద్దనుకున్నదా?

వేలి మీది సిరా గోరుతోని పాటు పైకి జరుగుతున్నది,
ఇంకో నెలకు కత్తెరకు అందుతది.
నిన్న పొద్దుగూకంగ ఒక ముసలాయన
ప్యాంటు జిప్పు మార్పియ్యనీకి వచ్చి,
మిషనక్కా, మోరీ మళ్ళ పొంగుతున్నది,
ఓ అర్జీ రాస్తవా అన్నడు.
రాసిన. సంతకం పెట్టమన్న.
గీత మీద పెట్టిండు,
సగం పైకి, సగం కిందికి.

ముసలోళ్ళ చేతులు అందరియి వణుకుతయి గదా.
నేనేం అడగలే.
జిప్పుకు ముప్పై రూపాయలు తీసుకున్న.
సర్కిల్ ఆఫీసు పదిన్నరకు తెరుస్తరు,
మొగులమ్మకు ఫోన్ కొట్టాలె,
ఇది పన్నెండోసారి.