పొడుగు కాలి గుర్రం

సోంబాయి ఫోన్ తెచ్చి రంపప్పొట్టు మీద పెట్టింది.
"కాకా, దీన్ని చేస్తవా?"
నాలుగు మూలల చెక్కపెట్టె.
రెక్కలూడిన కిటికీలెక్క పైన రెండు సందులు,
సందులోంచి చెయ్యి దూర్చి మెడ పట్టుకుంటరట.
ఆరు తీగలు. పేరు క్రూత్.
ఊరు వేల్స్ అని, వాన, గొర్రెలు, మళ్ల వాన.

కుమ్ర జంగు దాదా అప్పుడే అహేరి బస్సు దిగిండు,
సంచిల కిక్రి, తోలు పిగిలి.
ముక్కు తాకేదాక వంగి చూసిండు బొమ్మను.
"మనోళ్లదే. మూడు తీగలెక్కువ.
ఏ ఇంటిపేరోళ్ల గుమ్మంల పాడుతరు దీనితోని?"
"రాజుల కాడ, తాతా. తర్వాత పెండ్లిళ్లకు."
"తర్వాత?"
"తర్వాత ఫిడేలొచ్చింది."
దాదా బీడీ వెతుక్కుండు, దొరకలే.
"మాకు డీజే వచ్చింది," అన్నడు.

ఆలపెల్లి టేకు, ఎవరిదో దర్వాజలో మిగిలిన ముక్క.
తొలిచిన. పదకొండు రోజులు తొలిచిన.
కమాను వెంట్రుకలకు పెండ్లి బరాత్ గుర్రాన్ని బతిమాలిన,
తోకలోంచి పిడికెడు, మూడు నూర్లు,
ఒక తన్ను ఉత్తగ.

తీగలు మోసే చెక్కను మేం గుర్రమంటం.
బొమ్మల దాని కాళ్లు ఎక్కువ తక్కువున్నై.
గీసినోడు తప్పు గీసిండనుకొని
రెండూ సమానం చేసిన.
మోగలే. మళ్ల చేసిన. దగ్గింది, అంతే.
సోంబాయి వేళ్లతోని బొమ్మను పెద్దగ చేసింది:
ఒక కాలు పైచెక్క మీద.
ఒక కాలు చిల్లులోంచి లోపలికి దిగి
అడుగు చెక్కను తొక్కి నిలబడ్డది.

నా రేషన్ కార్డు మరాఠీల ఉంటది.
గుమ్మం కొలిచేటప్పుడు నోట్లె జానెడు, బెత్తెడే వస్తది.
ఊరికే యాదికొచ్చింది.

పొడుగు కాలు దించిన.
పెట్టె కాదు, కింది బల్ల సుత మోగింది.
డబ్బాలో మొలలు కదిలినై.

దాదా కమాను అందుకుండు.
గుర్రం చదునుగున్నది, ఒక్క తీగను విడిగ పలకనియ్యది;
గీస్తే ఆరూ ఒక్కసారే లేస్తై.
"పంచాయితీల కూసున్నట్టున్నది," అని నవ్విండు,
నవ్వుతనే కళ్లు మూసిండు.
తన పాటలో మొదటి తాత పేరెత్తి
గొంతు ఎక్కడ పెట్టాల్నో తెల్వక
ఆ ఆరింటి నడుమ కొద్దిసేపు తిరిగిండు.
దొరికిందో లేదో నాకు తెల్వది.
సోంబాయి ఫోన్ ఎత్తలే, రికార్డు చెయ్యలే.

కమాను దించి, సంచి విప్పి,
చిట్లిన కిక్రి నా ముందల పెట్టిండు.
"చలిదేశపుది ఆగుతది.
ముందు దీనికి తోలు కట్టు."