మడవ

ఆర్చి మీద బంగారు అక్షరాల్లో గ్రీన్ కౌంటీ.
ఆటో చిట్టియ్యకి మాత్రం ఇంకా
సూరన్నగారి పదెకరాల చెక్కే.
నేనొచ్చిన ఏడాది ఆరు ఇళ్ళు.
ఇప్పుడు లెక్కపెట్టడం మానేశాను.

ఆరుంపావుకి వేమగిరి జంక్షన్,
ఒళ్ళో టిఫిను డబ్బా, డొక్కలో ఎవరిదో మోచెయ్యి,
రాజమండ్రి ల్యాబులో పొద్దుగూకేదాకా
ఎవరెవరి రక్తాలో.
నా ఇంటి రంగు నాకు ఆదివారాలే తెలుస్తుంది.

గిన్నెలు తోమే నూకరత్నం
ఈ నేలలోనే ఇరవై సార్వాలు ఊడ్చిందట.
"అక్కడ బండెట్టకమ్మా, అది మడవ" అంది ఓ రోజు.
సిమెంటు రోడ్డు. చుక్క నీళ్ళు లేవు.
నవ్వేశాను.

జూన్‌లో కాలవలు వదిలారు.
తెల్లారి లేచి చూద్దును గదా,
మూడో వీధి పొడి, నాలుగో వీధి పొడి,
సరిగ్గా నా బండి చక్రాల కిందికే
అడ్రసు అడక్కుండా వచ్చేశాయి నీళ్ళు.

నూకరత్నం చీర ఎగదోపి
పాదంతో కంకర ఇటు కొంచెం, అటు కొంచెం నెట్టి
వాటికి దారిచ్చింది.
అవతల చిట్టియ్య హారన్ మీద హారన్.
చెప్పులు చేతబట్టి,
ఆవిడ చూపించిన చోటే అడుగులేస్తూ
గట్టు మీద నడిచినట్టు నడిచాను.

ఆరుంపావు ఎప్పుడో దాటిపోయింది.