మీ ఉత్తరం అందింది

యూనిఫాం లేని మనిషికి
సెల్యూట్ కొట్టాలా వద్దా అని
గేటు దగ్గర కుర్రాడికి రోజూ ఒక అర సెకను సందేహం.
చెయ్యి సగం లేస్తుంది.
ఆవిడ తల సగం వంగుతుంది.
పదకొండేళ్ళు ఆ రెండు సగాల మధ్యనుంచే
ఇమోజెన్ ట్రెలోర్ ఆఫీసుకు వచ్చింది.

కాన్‌బెర్రాలో, రస్సెల్ కొండ మీద,
రికార్డు గదిలో నేను ఫైళ్ళు మోసేవాణ్ణి.
పెద్దవాళ్ళ చరిత్ర నాకు కిందినుంచి తెలుసు,
అంతస్తులవారీగా.
రెండో అంతస్తులో ఆవిడ లీగల్ సలహాదారు:
ఇనప కుర్చీ, ఇంటినుంచి తెచ్చుకున్న కప్పు.
నాలుగులో కుర్చీకి చేతులు మొలిచాయి.
ఆరులో కిటికీ వచ్చింది, కిటికీలో సరస్సు,
సరస్సు మీద జులై పొగమంచు.
డిప్యూటీ సెక్రటరీ అయ్యాక
ఆ కప్పు ఎవరు కడుగుతున్నారో ఆవిడకే తెలియదు.

అంతకు ముందు నల్లకోటు.
పోర్ట్ పిరీలో, సీసం కరిగించే పొగగొట్టం నీడ పడే వీధిలో
చేపలు వేయించే కొట్టు మీద రెండు గదులు.
వకాల్తా కాగితాలకి కూడా నూనె వాసనేనట.
ఫీజు ఇవ్వలేనివాళ్ళు బకెట్టుతో పీతలు తెచ్చేవారట.
సర్కారు మీద దావా అంటే ఆవిడకి
పిలవని పెళ్ళికైనా వెళ్ళేంత ఆకలి.

మరి ఇటెందుకు వచ్చిందంటే
జీతం అన్నారు, మొగుడన్నారు.
లిఫ్టులో ఒకసారి నాతో అంది:
"తలుపు బాదీ బాదీ చేతులు కాయలు కాచాయి.
లోపలి గడియ ఎలా ఉంటుందో చూద్దామని."
చూసింది.
గడియకి నూనె కూడా వేసింది.
ఒక నిబంధనలో "ఇవ్వాలి" అన్నచోట
"ఇవ్వవచ్చు" అని దిద్దింది ఆవిడే.
ఒక్క మాట. కోట్లు మిగిలాయి.
ఛాతీ నిండా పతకాలున్నవాళ్ళు
ఆ రోజు ఆవిడకి స్వయంగా కాఫీ పోశారు.

తర్వాత, పాత క్లెయిములు తిరగదోడమని పైనుంచి ఆర్డరు.
తోపుడు బండి మీద అట్టపెట్టెలు తీసుకెళ్ళాను.
మూడో పెట్టెలో క్లెమ్ వాడెల్, గన్నర్.
ఫిరంగుల పక్కన తొమ్మిదేళ్ళు. రెండు చెవులూ పోయాయి.
కెటిల్ కూత వినపడక
మూత మీద స్పూను పెట్టుకునేవాడు,
అది వణికితే నీళ్ళు మరిగినట్టు.
ఈ సంగతి ఏ డాక్టరూ రాయలేదు,
అతని ప్లీడరు రాసింది, పోర్ట్ పిరీనుంచి.
డిపార్ట్‌మెంటు జవాబు:
"మీ ఉత్తరం అందింది. వినికిడి లోపానికి
సర్వీసే కారణమని రుజువు కాలేదు."
ప్లీడరు మళ్ళీ రాసింది:
"దీని మీద సంతకం పెట్టిన పెద్దమనిషి
ఒక్క రాత్రి చెవుల్లో దూది కుక్కుకుని పడుకోవాలి,
భార్య పిలిచిందో లేదో తెలియకుండా."
ఆ కాగితం మీద తేదీ ముద్ర ఉంది. జవాబు లేదు.

ఆవిడ చదువుతుంటే నేను నిలబడే ఉన్నాను.
కింద దస్కత్తు చూసింది.
పెళ్ళికి ముందు ఇంటిపేరు,
అక్షరాలు ఇంకా గుండ్రంగా ఉన్న రోజులది.
"ఈ పిల్లకి మర్యాద తెలియదు," అంది.
నవ్విందో ఏమో, కళ్ళజోడు తుడుచుకుంది.
"ఇరవై ఆరేళ్ళు. ఎవరూ జవాబివ్వలేదా?"
లేదన్నాను.
"ఇప్పుడెవరివ్వాలి?"
రూలు ప్రకారం ఆ కుర్చీలో ఉన్నవాళ్ళు, అన్నాను.
నాకు నోటి దురుసని మా సూపర్‌వైజర్ ఊరికే అనలేదు.

ఏం రాసిందో నేను చూడలేదు.
టైపిస్టుకి ఇవ్వలేదు, ఆఫీసు ముద్ర కొట్టలేదు,
తన పర్సులోంచి స్టాంపు తీసి అంటించింది.
క్లెమ్ అప్పటికే పోయాడు. అడ్రసులో అతని భార్య పేరు.
కవరు టపాలో వేసింది నేనే.
మోసేవాడికి తెలిసేది బరువొక్కటే.
డిపార్ట్‌మెంటు ఉత్తరమంటే ఎప్పుడూ ఒకే కాగితం.
ఇది మందంగా ఉంది.
వేళ్ళ మధ్య వంచి చూశాను,
మళ్ళీ లేచి నిలబడింది.